ఎవరి కొలత వారిది
(సంవత్సరాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకు ముందే పంతులుగారు పంచాంగ శ్రవణం చేశారు. ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో విన్నాము. ఆదాయం తక్కువ, వ్యయం ఎక్కువ అని విన్నవారు కొంచెం చిన్నబుచ్చుకోవటం నేను చూశాను. ఆ వ్యయంలో ఒక చిన్న పద్దు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. ఆ పద్దు మన జేబులో వున్న ఫోనుకు మనం చేయించే రీచార్జి. శుభమా అని కవిత్వమో, పురాణమో చెప్పుకోక యీ బజారు లెక్క యెందుకని మీకు తోచవచ్చు. నేను పండితుణ్ణి కాను. ముప్పయి యేళ్లు మగ్గాల షెడ్లలో కూలి లెక్కలు వ్రాసినవాణ్ణి. నాకు చేతనైనది లెక్క ఒకటే. కనుక లెక్కే చెబుతాను.

ముందుగా ఒక సంగతి మనవి చేస్తాను. కిందటేడు శ్రావణమాసంలో ఒకనాటి ప్రొద్దున, మా వీధిలో మరమగ్గం నడిపే ఒక కుర్రవాని యింటి ముందు, అతని తల్లి చేతిసంచితో వచ్చి నిలబడింది. హిందూపురం అవతల వారి వూరు. అయిదు దినాలుగా కొడుక్కి ఫోను చేస్తూంటే, అర్థంకాని భాషలో ఎవరో ఆడమనిషి ఏదో చెప్పి పెట్టేస్తున్నదట. కొడుక్కి ఏమైనదోనని గుండె చేతబట్టుకొని, తెల్లవారుజామున రైలెక్కి వచ్చేసింది. కొడుకు లోపల నిక్షేపంగా మగ్గం నడుపుతున్నాడు. సంగతేమంటే, ఆ నెల పని తక్కువై, రీచార్జి వారం తరువాత చేద్దాములే అనుకొన్నాడు. గడువు తీరగానే తాను చేసే పిలుపులు ఆగాయి. కొన్ని దినాలకు తనకు వచ్చేవీ ఆగాయి. ఆ రెండో సంగతి అతనికి తెలియదు.

“మూడువందలు లేక ఆగినాను” అన్నాడు. “మూడువందలది నీకెవరు చెప్పినారు?” అని అడిగాను. “దుకాణంలో అదే యిస్తారు, అదే వేయించుకొంటా” నన్నాడు. అతనికి కావలసింది అమ్మతో మాట్లాడటం. అతను కొంటున్నది దినమూ సినిమా చూడటానికి సరిపోయే డేటా. తనకు తగినది, అంతకంటే చౌకది ఒకటి వున్నదని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ తల్లి ఎక్కిన రైలు నన్ను యీవేళ మీ ముందు నిలబెట్టింది.

ఇంగ్లండులోనూ, మరికొన్ని దేశాలలోనూ ఒక పద్ధతి వున్నది. ఫోనునూ, సిమ్మునూ కలిపి రెండేళ్ల ఒప్పందం మీద యిస్తారు. నెల నెలా కట్టే పైకంలో ఫోను వెల కూడ కలిసి వుంటుంది. ఫోను తనదై, సిమ్ము మాత్రం తీసుకొంటే ఖర్చు తగ్గుతుందని అక్కడ వున్న మన పిల్లలు గొప్పగా చెబుతూంటారు. మన దేశంలో మనమందరమూ మొదటినుంచీ చేస్తున్నది దాదాపు అదే. ఫోను వాయిదాలమీద కొన్నా ఆ అప్పు వేరు, సిమ్ము వేరు. అందుచేత మనల్ని ఏ కంపెనీ రెండేళ్లు కట్టివేయలేదు. నచ్చకపోతే వదలివచ్చే స్వేచ్ఛ మనకున్నది. ఆ స్వేచ్ఛను వాడుకోకపోవటమే మన తప్పు.

ఒకప్పటి లెక్క వేరుగా వుండేది. 1995 జూలై 31వ తేదీన జ్యోతిబసుగారు కలకత్తా నుంచి ఢిల్లీలోని సుఖరాంగారితో మాట్లాడటంతో మన దేశంలో మొబైలు ఫోను మొదలైంది. ఆ దినాలలో పిలిచినవానికీ పైకం పడేది, పలికినవానికీ పడేది. ఫోను మ్రోగితే గుండె ఝల్లుమనేది. 2003 మే నుంచి వచ్చే పిలుపులకు పైకం లేకుండా పోయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత మాటకు విడిగా వెల కట్టటమే క్రమంగా పోయింది. ఇప్పుడు మనం కొంటున్నవి రెండే: దినాలు, డేటా. ఎన్ని దినాలు, ఎంత డేటా అన్నదే లెక్క అంతా.

మొదట దినాల సంగతి. చాలా ప్లానులకు గడువు 28 దినాలు. మనం దాన్ని నెల అనుకొంటాము. అది నెల కాదు. ఏడాదికి 365 దినాలు గదా. 28 చేత భాగించి చూడండి. పన్నెండు కాదు, పదమూడు రీచార్జిలు. మన పంచాంగంలో అధికమాసం రెండున్నర, మూడేళ్లకొకసారి వస్తుంది. ఫోను పంచాంగంలో ప్రతి యేడూ అధికమాసమే! దీనిమీద జనం మొరపెట్టుకోగా, 2022 జనవరిలో టెలిఫోను నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక ఉత్తర్వు చేసింది. ప్రతి కంపెనీ 30 దినాల ప్లాను ఒకటీ, ప్రతి నెలా అదే తేదీకి తిరిగి వేయించుకొనే ప్లాను ఒకటీ తప్పక వుంచాలన్నది. కావలసినవారు అడగాలి. అడగనివారికి 28 దినాలదే చేతికొస్తుంది.

కనుక ఏ ప్లాను చూసినా ముందు దాని వెలను దినాలచేత భాగించండి. 300 రూపాయలకు 28 దినాలంటే దినానికి పది రూపాయల డెబ్బయి పైసలు. 800కు 84 దినాలంటే తొమ్మిదిన్నర. పెద్ద గడువుది సాధారణంగా దినానికి చౌక. కాని ఒకేసారి 800 పెట్టటానికి చేతిలో లేనివాని సంగతేమిటి? చౌక సరుకు కూడ, ఒకేసారి పెద్దమొత్తంలో కొనగలవానికే దొరుకుతుంది. యిది ఫోనుకే కాదు, బియ్యానికీ అంతే. పండుగ బోనసు వచ్చిన వారంలో, తక్కిన ఖర్చులకంటే ముందు, యింట్లో పెద్దవారి ఫోనుకు ఏడాది గడువుది వేయించటం నేను చూసిన మంచి ఉపాయం.

రెండవది డేటా సంగతి. డేటా అక్కరలేనివారు మన యిళ్లలో ఎందరో వున్నారు. బొత్తాల ఫోను వాడే తాత, అవ్వలు. యింట్లో వైఫై వున్నవారు. రెండో సిమ్మును బ్యాంకి మెసేజీలకు మాత్రం వుంచుకొన్నవారు. వీరందరిచేతా డేటా కొనిపించటం అన్యాయమని, 2024 డిసెంబరు 23వ తేదీన ట్రాయ్ మరొక నియమం చేసింది. మాటకూ, మెసేజీకీ మాత్రమే పనికివచ్చే ప్లాను ప్రతి కంపెనీ ఒకటైనా వుంచాలి. అటువంటి ప్రత్యేక వోచర్ల గడువు 365 దినాల వరకూ వుండవచ్చునన్నది. 2025 జనవరిలో అటువంటివి వచ్చాయి. అప్పుడు ఎయిర్‌టెల్ వారు పెట్టిన వెల ఏడాదికి 1849 రూపాయలు, 84 దినాలకు 469. ఏడాదిది దినానికి అయిదు రూపాయల ఏడు పైసలు. మా వీధి కుర్రవాడు మూడువందల చొప్పున పదమూడుసార్లు వేయిస్తే 3900. తేడా రెండువేల పైచిలుకు. వెలలు మారుతూంటాయి; మీరు వేయించే నాటి వెల అడిగి తెలుసుకోండి. కాని “మాటకు మాత్రమే వున్న ప్లాను యేది?” అన్న ప్రశ్న మాత్రం మారదు. ఆ ప్రశ్న నోటికి పట్టించుకోండి.

డేటా కావలసినవారు కూడ తమ కొలత తాము తెలుసుకోవాలి. దినానికి ఒకటిన్నర జీబీ అని వ్రాసి వుంటుంది. మనం మగ్గం ముందర వున్నంతసేపూ ఫోను ముట్టము. అర్ధరాత్రి దాటగానే ఆనాటి మిగులు పోతుంది. అది రేపటికి చద్దన్నంగా మిగలదు. ఆదివారంనాడు మాత్రం చాలదు. అటువంటివారికి దినపు లెక్క లేకుండా గడువంతటికీ కలిపి యిచ్చే డేటా నయం. చదువుకొనే పిల్లలకూ, బండిమీద సరుకు చేర్చే కుర్రవాళ్లకూ దినపు లెక్కే నయం. మీ ఫోను సెట్టింగులలో కిందటి నెల ఎంత డేటా ఖర్చయినదీ వుంటుంది. అది చూడకుండా ప్లాను కొనటం కొలతలు లేకుండా రవిక కుట్టించటం వంటిది.

ఇక మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది. సిగ్నలు లేని చోట చౌక ప్లాను కంటే దండగ మరొకటి లేదు. మనం యిరు రాష్ట్రాల మనుష్యులం. పని యిక్కడ, పెద్దలు అక్కడ. దేశం లోపల రోమింగుకని వేరే పైకం యిప్పుడు మామూలు ప్లానులలో లేదు గాని, దొడ్డబళ్ళాపురం బజారులో బాగా పలికే సిమ్ము, రేకుల షెడ్డు లోపల పలకకపోవచ్చు. మాకళిదుర్గం కొండల మధ్య రైలులో పలకకపోవచ్చు. మన వూరి యింటి నడవలో అసలే పలకకపోవచ్చు. కనుక సిమ్ము మార్చేముందు ఆ కంపెనీ సిమ్మున్న స్నేహితుణ్ణి షెడ్డులోకి పిలిచి పలికించి చూడండి. వూరికి పోయినప్పుడు పక్కింటివారిని అడగండి. ఎక్కడెక్కడ తమ సిగ్నలు వున్నదో చూపే పటాలు 2025 ఏప్రిల్ నుంచి కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని నియమం కూడ వున్నది. ఆ పటం చూడండి. కాని నడవలో నిలబడి చూసిన సాక్ష్యం దానికంటే గొప్పది.

కంపెనీ మార్చాలంటే నంబరు పోతుందనే భయం యింకా కొందరికి వున్నది. ఆ భయం 2011 జనవరి 20వ తేదీతో తీరిపోయింది. 2015 జూలై నుంచి రాష్ట్రం మారినా అదే నంబరు వుంచుకోవచ్చు. పద్ధతి యిది: పోర్ట్ అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి, ఖాళీ విడిచి, మీ నంబరు వ్రాసి 1900కు మెసేజి పంపాలి. ఎనిమిది అక్షరాల సంకేతం ఒకటి వస్తుంది. అది మనవైపు నాలుగు దినాలు చెల్లుతుంది. దానినీ, మీ గుర్తింపునూ తీసుకొని కొత్త కంపెనీ దుకాణానికి పోవాలి. పాత కంపెనీలో కనీసం 90 దినాలు వుండి వుండాలి. పాత ప్లానులో మిగిలిన దినాలు గాని, పైకం గాని వెంట రావు. కాబట్టి గడువు తీరవచ్చినప్పుడు మారటం తెలివి. ఆ సంకేతాన్ని దుకాణంలో తప్ప మరెవరికీ చెప్పకండి.

చివరగా నంబరు సంగతి. ఈనాడు నంబరంటే మాట ఒక్కటే కాదు. బ్యాంకి, ఆధారు, పిల్లల బడి, గ్యాసు, అన్నీ దానికి కట్టి వున్నాయి. ఏ వాడుకా లేకుండా 90 దినాలు గడిస్తే ఆ నంబరును కంపెనీ తీసివేయవచ్చు. తరువాత అది మరొకరికి పోవచ్చు. ఖాతాలో 20 రూపాయలు నిలవ వుంటే అది తీసుకొని మరి 30 దినాలు నిలుపుతారు. వూళ్లో పెద్దవారి నంబరు యిలా పోతే, పింఛను మెసేజి ఎవరి యింటికో చేరుతుంది. సిమ్ము తప్పక మీ పేరనే తీసుకోండి. మన ప్రాంతంలో ఒకరి పేర తొమ్మిదికి మించి వుండరాదని నియమం. మీ పేర ఎన్ని వున్నవో 2023లో ప్రభుత్వం ఆరంభించిన సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మనం ఎరుగని సిమ్ము మన పేర వుంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

మన యీ వూరి పేరుకు ఒక కథ చెబుతారు. ఒక ఆవు దినమూ ఒక పుట్టమీద బళ్ళెడు పాలు కార్చేదట. బళ్ళ అంటే కన్నడంలో ఒక కొలత, మన మానిక వంటిది. అందువల్ల బళ్ళాపురమైనదంటారు. మనది దొడ్డది, ఈశాన్యాన పొరుగున వున్నది చిక్కది. పేరులోనే కొలత వున్న వూళ్లో కాపురం చేస్తూ, మన కొలత మనం తెలుసుకోకపోతే ఎలా? దొడ్డ ప్లాను కావలసినవారు దొడ్డది తీసుకోండి. చిక్కది చాలినవారు చిన్నతనమనుకోకుండా అదే అడగండి.

కార్యదర్శిగారికి నాదొక విన్నపం. ప్రతినెలా మొదటి ఆదివారం, యీ హాలులోనే, మన చదువుకొన్న పిల్లలు యిద్దరు ఒక బల్ల వేసుకొని కూర్చోవాలి. వచ్చినవారి ఫోను చూసి, దినానికెంత పడుతున్నదో లెక్కవేసి కాగితం మీద వ్రాసి యివ్వాలి. ఏ కంపెనీ తరపునా మాట్లాడరాదు. నేనూ వచ్చి కూర్చుంటాను.

ఆ తల్లి ఆనాడు రెండు దినాలుండి వెళ్లింది. వెళ్లేముందు కొడుకు ఫోనుకు మాటల ప్లాను వేయించాము. రైలెక్కుతూ నాతో ఒకటే అన్నది: “అయ్యా, వాడు మాట్లాడకపోయినా పరవాలేదు, మోగితే చాలు.” సోదరులారా, మన వూళ్లలో అలా చెవి వొగ్గి కూర్చున్నవారు ప్రతి యింటా వున్నారు. కొత్త యేడంతా వారి పిలుపు మన యింట మ్రోగుగాక. మీకందరికీ సంవత్సరాది శుభాకాంక్షలు. సెలవు.