ఊపిరికి సాధన

మెట్ల నడుమ గోడనానుకొని నిలిచిపోయిన హృద్రోగిని చూచి మనము గుండెను నిందింతుము. చుట్టపొగకో పొయ్యిపొగకో ఏండ్ల తరబడి లోనై ఆయాసపడువారి విషయమున దోషమంతయు ఊపిరితిత్తులదే యందుము. మన దృష్టికి రాని పనివాడు వేరొకడున్నాడు. ఛాతీకిని ఉదరమునకును మధ్య గొడుగువలె వ్యాపించిన ఆ కండరమును ఉదరవితానమందురు. అది క్రిందికి దిగగా, పక్కటెముకల నడిమి కండరములు ఛాతీని విప్పగా, గాలి లోనికి వచ్చును. నిద్రలోనైనను దానికి సెలవు లేదు.

గుండె బలహీనమైనవారిలో పలువురికి ఈ కండరమును బలహీనపడును. దీర్ఘకాల శ్వాసకోశ వ్యాధిలో చిక్కు మరియొకటి. లోని గాలి పూర్తిగా వెలువడక ఊపిరితిత్తులు ఉబ్బియుండును. గొడుగు చదునై దాని పట్టు సడలును. ఆయాసమునకు వెరచి రోగి నడక మానును. మానిన కొలది కాళ్లు చిక్కును, ఆయాసము హెచ్చును.

కండరమన్నది సాధనచే బలపడవలెను గదా! లీత్, బ్రాడ్లీ అను పరిశోధకులు 1976లో ఆరోగ్యవంతులయందు ఐదు వారముల సాధనతో శ్వాసకండరముల బలము పెరుగుట చూపిరి. రోగుల మాటయేమి? గుండె వైఫల్యముతోపాటు శ్వాసకండరములును బలహీనమైన 32 మందిని గూర్చి బ్రెజిల్ వైద్యులు 2006లో ప్రకటించిరి. సాధనము చిన్న గొట్టము. అందులో స్ప్రింగు బిగించిన కవాటము. తగినంత బలముగా పీల్చిననే అది తెరచుకొనును. రోగి పీల్చగల గరిష్ఠ బలములో 30 శాతము బరువు పెట్టి, దినమునకు 30 నిమిషముల వంతున 12 వారములు చేయించిరి. బరువు లేని గొట్టముతో చేసినవారికంటె వీరికి బలము హెచ్చినది. 6 నిమిషములలో నడువగల దూరమును పెరిగినది. 32 మందియే గదా యని ఆక్షేపింపవచ్చును. తరువాతి పరిశీలనలును చాలవరకు ఈ త్రోవనే చూపినవి.

శ్వాసకోశ రోగుల విషయమున ఇంత ఉత్సాహము తగదు. నడక మొదలగు వ్యాయామములు క్రమముగా చేయువారికి ఈ సాధన అదనముగా కలిగించు మేలు స్వల్పమే. చెడిన ఊపిరితిత్తిని ఇది బాగుచేయదు.

బుడగలూదుట ఇట్టిదే యని కొందరనుకొందురు. ఊదుట గాలిని విడుచు పని. ఇచట బలపడవలసినది పీల్చు కండరము. శస్త్రచికిత్స పిమ్మట ఆసుపత్రిలో ఇచ్చు మూడు బంతుల పరికరము దీర్ఘముగా పీల్చుటకే గాని, కొలిచిన బరువు మోయించుటకు గాదు.

ఊపిరితిత్తి చుట్టును గాలి చేరినవారును, వ్యాధి ఉద్ధృతముగా నున్నవారును దీని జోలికి పోరాదు. తల తిరిగినను, ఛాతీ నొచ్చినను వెంటనే ఆపవలెను. మందులు మానరాదు. గొట్టము కొనుటకు ముందే వైద్యునితో, "నేను పీల్చు బలమెంతయో కొలిచి చెప్పుదురా?" యని అడుగుడు.