రెండవ విత్తు
(శతవార్షికోత్సవ కూడికలలో ఒక సాయంకాలము చేసిన ప్రసంగము)



నాకిచ్చిన అంశము “ఓర్పు”. నూరేండ్ల పండుగలో ఈ మాటమీద ప్రసంగించుట సులభమని కమిటీవారు తలచియుందురు. నాకు మాత్రము ఈ మాట వినగానే కొంచెము సిగ్గు కలుగును. ఎందుకో చెప్పవలెనంటే 2015వ సంవత్సరపు వానకాలమునకు పోవలెను. అంతకుముందు మా నాయన చెలకకు పోవలెను.

నేను పుట్టినది బావులు తక్కువ, చెలకలు ఎక్కువ ఉన్న పల్లెలో. మా నాయనకు రెండెకరముల ఎర్రనేల ఉండెడిది. ఆగమనకాలము, శ్రమకాలము, పెంతెకొస్తు అని సంఘ సంవత్సరమును నేర్వకముందే మా నాయనమ్మ వద్ద కార్తెలు నేర్చుకొన్నాను. ఏడాదికి ఇరువదియేడు కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు పదునాలుగు దినములు. రోహిణి ఎండకు ఇల్లంతా వాకిట్లో పండుకొనెడిది. మృగశిర వచ్చిన దినమున చేపలు తినవలెనని పట్టు. కొనుటకు డబ్బు లేకున్న, వాగులో దొరికిన నాలుగు చిన్న చేపలైనా పులుసు పెట్టెడిది. తొలకరి పడి నేల పదునెక్కగానే నాయన గొర్రు కట్టెడివాడు.

ఒక సంవత్సరము నాకు బాగుగా జ్ఞాపకమున్నది. నేనప్పుడు ఏడవ తరగతి. విత్తిన జొన్న మొలిచినది. తరువాత ఇరువది దినములు చినుకు లేదు. ఒకనాటి సాయంకాలము నాయన ఒక మొలకను పెరికి, వేరు చూచి, ఏమీ అనక ఇంటికి వచ్చినాడు. అమ్మ తన మెడలోని బంగారు గుండ్లు తీసి ఆయన చేతిలో పెట్టినది. మొదటిసారి విత్తునప్పుడు నాయన పాట పాడినాడు, పిల్లలమందరము సాళ్ల వెంట పరుగెత్తినాము. రెండవసారి విత్తినప్పుడు పాట లేదు, వెంట నడిచినవారు లేరు. ఎద్దులు అవే, గొర్రు అదే.

తరువాత నేను వేదాంత కళాశాలలో చేరినాను. మొదటి ఏడాది హెబ్రీ పరీక్షలో తప్పినాను. కుడినుండి ఎడమకు పోవు ఆ అక్షరములు నాకు చీమల బారులవలె కనబడెడివి. ఈ సంగతి ఇంటికి వ్రాయుటకు మనసొప్పలేదు. సెలవులలో చెప్పక తప్పలేదు. మా నాయన నన్ను కోపగించలేదు, ధైర్యము చెప్పనూలేదు. “మళ్ల రాయాల్నంటే ఫీజెంత?” అని మాత్రము అడిగినాడు. ఆ ప్రశ్న విలువ నాకు అప్పుడు తెలియలేదు.

మన పొరుగున దోర్నకల్‌కు 1909లో తిరునెల్వేలి నుండి అజరయ్యగారు సువార్తికులుగా వచ్చినప్పుడు ఆయన తమిళులు. ముప్పదియేండ్లు దాటిన తరువాత మన తెలుగును నేర్చుకొన్నారు. 1912లో ఇండియా దేశస్థులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయినారు. పెద్ద వయసులో పరాయి మాట నేర్చుకొనువాడు ముందుగా చాలకాలము వినుచుండవలెను. మాలాంటివారికి, అనగా డిగ్రీతో పల్లెకు పోవువారికి, ఈ సంగతి ఆలస్యముగా అర్థమగును. మా పల్లెలకు తెలుగుతోనే పోయినాము గనుక వినవలసినది ఏమీ లేదని అనుకొన్నాము!

ఇక 2015 సంగతి. నేనప్పుడు మిరపతోటలు, పత్తిచేలు ఉన్న ఒక పాస్టరేటులో ఉన్నాను. (అక్కడ శ్రమకాలపు శుక్రవారపు ఆరాధనలకు స్త్రీలు తక్కువగా వచ్చుచున్నారని మొదట బాధపడెడివాడను. అది మిరపకాయలు ఏరు కాలమని, సాయంకాలమునకు చేతుల మంటతో చంటిబిడ్డ ముఖము కూడ తాకలేరని నా భార్య చెప్పువరకు నాకు తోచలేదు.) ఆ యేడు జూన్‌లో వానలు బాగుగా పడినవి. అందరు పత్తి పెట్టినారు. జూలైలో ఆకాశము తెల్లబడి ఊరకుండెను. మొలకలు మాడిపోయినవి. ఒక ఆదివారము వానకొరకు ప్రత్యేక ప్రార్థన పెట్టినాము.

ఆ దినమున నేను ఓర్పునుగూర్చి ప్రసంగించినాను. వానకొరకు కనిపెట్టు రైతును గూర్చి యాకోబు తన పత్రికలో వ్రాసిన భాగము తీసికొన్నాను. కొత్త నిబంధన గ్రీకులో ఓర్పునకు “హుపొమొనే” అను మాట ఉన్నదని, దానికి బరువు క్రింద నిలిచియుండుట అని అర్థమని విడమరచి చెప్పినాను. ప్రసంగము బాగుగా కుదిరినదనియే తలచినాను.

ఆరాధన ముగిసి బయటకు వచ్చుచుండగా ఒక వృద్ధ సంఘపెద్ద నా చేయి పట్టుకొని మెల్లగా అన్నాడు: “అయ్యగారూ, బరువు కింద నిలబడుడు మాకు ఎరుకే. మళ్ల విత్తుదామంటే విత్తనాలు యాడికెళ్లి తేవాల్నో, గది ఎరుక లేదు.”

ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే ఆ మధ్యాహ్నము నాకు అన్నము సహించలేదు. మరునాడు ఆయన వెంట చేలకు పోయి లెక్క విన్నాను. ఎకరమునకు పత్తి గింజలు రెండు ప్యాకెట్లు, ప్యాకెట్టు సుమారు తొమ్మిది వందలు. అచ్చు తోలిన కూలి, దుక్కిలో వేసిన ఎరువు, అన్నియు అప్పే. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. అనగా ఏడాదికి ముప్పదియారు. రెండవ విత్తు వేయవలెనంటే మొదటి అప్పుమీద రెండవ అప్పు. జూలై దాటినచో పత్తికి అదను పోవును, అటుపిమ్మట కందియో ఆముదమో వేసికొనవలసినదే. మా నాయన అడిగిన ఫీజు ప్రశ్న ఆ గట్టుమీద నాకు అర్థమైనది.

మా సంఘము పేర బ్యాంకులో కొంత సొమ్ము ఉన్నది. గడచిన కోతపండుగలో గుమ్మడికాయలు, కోళ్లు, వడ్ల మూటలు వేలము వేయగా వచ్చినది, స్త్రీలు వంటపూట తీసిపెట్టిన పిడికెడు బియ్యము అమ్మగా వచ్చినది. గుడి చుట్టు ప్రహరీగోడ కొరకు దానిని ఉంచినాము. దానిలోనుండి విత్తనములకు మిత్తిలేని బదులు ఇత్తమని కమిటీలో అడిగినాను. మూడు గంటలు వాదము జరిగినది. దేవుని సొమ్ము తిరిగి రాకపోతే ఎవరు బాధ్యులని ఒకరు అడిగినారు. ఆ ప్రశ్న తప్పు కాదు; నావద్ద జవాబు లేకుండెను. చివరకు స్త్రీల సమాజము పక్షమున కూర్చున్న ఒక ముసలమ్మ లేచి, “పిడికెడు పిడికెడు తీసింది మేము. మా ఇండ్లల్ల పొయ్యి ఆరినంక గోడ ఎవలకు?” అన్నది. అక్కడితో తీర్మానమైనది.

పదకొండు కుటుంబములు తీసికొన్నవి. ఎక్కువమంది కందులు వేసినారు. తరువాతి వానలు అంతంతమాత్రమే, పంట సగమైనది. రెండు కోతపండుగలలో తొమ్మిది కుటుంబములు బదులు తీర్చినవి. ఒకరు ఊరు విడిచి పట్టణమునకు పోయినారు. ఒకరు చనిపోయినారు, ఆయన లెక్క కొట్టివేసినాము. దీనిని విజయమని నేను చెప్పను. ఊరిలో ఆ యేడు అప్పుబాధతో కుమిలిన ఇండ్లు ఇంకను చాల ఉన్నవి. వారు మన సంఘస్థులు కారు గనుక మా చేయి అంత దూరము చాచలేదు. అది నన్ను ఇప్పటికిని బాధించును.

తలవని తలంపుగా ఇంకొకటి జరిగినది. బదుల పుస్తకములో వేలిముద్ర వేయుమన్నప్పుడు, ఆ ముసలమ్మ చేయి వెనుకకు తీసికొన్నది. “నా పేరు నేనే రాస్త, వారమాగుండ్రి” అన్నది. వారము కాదు, నెల పట్టినది. నా భార్య ప్రతి సాయంకాలము పలకమీద దిద్దించినది. పేరు వ్రాయుట వచ్చినాక ఆమె ఆగలేదు, గుణింతములకు వచ్చినది. ఒత్తులవద్ద మూడు నెలలు నిలిచిపోయినది, అలిగి మానినది, మిరప ఏరుడు అయినాక మరల వచ్చినది. రెండేండ్లకు స్త్రీల ఆదివారమున రూతు గ్రంథమునుండి ఒక భాగము చదివినది. ఒక్కొక్క మాట కూడబలుకుకొని చదువుచుండగా చాల సమయము పట్టినది. గుడిలో ఎవరును కదలలేదు. హెబ్రీలో తప్పినవాడను ప్రసంగపీఠము ప్రక్కన కూర్చుండి, ఆమె వ్రేలు అక్షరము వెంబడి అక్షరము జరుగుట చూచుచుంటిని.

ఇప్పుడు నేను వేరొక పాస్టరేటులో ఉన్నాను. మొన్న ఆ ఊరికి పోయినప్పుడు చూచితిని, ప్రహరీగోడ ఇంకను లేదు. ఆరాధన జరుగుచుండగా మేకలు గుమ్మముదాక వచ్చినవి, ఆ పెద్దాయనే కర్ర తీసికొని లేచి వాటిని తోలి వచ్చినాడు. బదులుల పుస్తకము మాత్రము నడుచుచున్నది. ఈ యేడు సంతకములే ఎక్కువ.

భోజనములు సిద్ధముగా ఉన్నవని కబురు వచ్చినది.