కారు రేడియోతో మొదలైన కంపెనీ

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పాత రికార్డులు దాచుకున్నవారికి ఈ ముచ్చట నచ్చుతుంది. రికార్డు చెక్కేటప్పుడు మంద్రస్వరాలను తగ్గిస్తారు, తారస్వరాలను పెంచుతారు. గాడి ఇరుకులో ఇముడుతుంది, గరగర మరుగున పడుతుంది. వినేటప్పుడు ఆ హెచ్చుతగ్గుల్ని తిరగేయాలి. చిక్కల్లా, 1954 దాకా కంపెనీకో లెక్క! ఒకే యంత్రం మీద ఒక రికార్డు బొంగురుగా, ఇంకొకటి కీచుగా పలికేదంటే పాపం గాయకుడిది కాదు.

న్యూయార్క్‌లో సాల్ మరాంట్జ్‌కు ఈ తంటా నచ్చలేదు. వృత్తి గ్రాఫిక్ డిజైన్, సరదా గిటార్. ఎలక్ట్రానిక్స్ సొంతంగా పట్టుకున్న విద్య. కారులోని రేడియోను ఊడబీకి ఇంట్లో బిగించుకున్న ఘటికుడు!

1950ల మొదట్లో ఆ హెచ్చుతగ్గుల్ని సరిచేసే ఒక ప్రీయాంప్లిఫయర్ ఇంట్లోనే చేశారు. పేరు ఆడియో కన్సొలెట్. రికార్డును బట్టి 36 రకాలుగా సర్దుకోవచ్చు. ముందు వంద చేస్తే, ఏడాదిలో 400 ఆర్డర్లు వచ్చిపడ్డాయి.

దాంతో కంపెనీ పెట్టారు. ఇంజనీరు సిడ్నీ స్మిత్ తోడయ్యారు. 1958 నాటి వాళ్ల మోడల్ 7 ప్రీయాంప్లిఫయర్ కోసం సేకర్తలు నేటికీ ఎగబడతారు. వాల్వుల గొప్పతనం సరే, ముందు పలక మీద మీటల పొందికలో డిజైనరు చెయ్యి తెలిసిపోతుంది.

తర్వాత ఎఫ్‌ఎం ట్యూనర్ తయారీ ఖర్చు తడిసి మోపెడైంది. 1964లో మరాంట్జ్ తన కంపెనీని సూపర్‌స్కోప్ అనే సంస్థకు అమ్మేశారు.