ఇంట్లో వంగ నారు



నిరుడు నేను వంగ విత్తనాల పొట్లం కొన్నాను. మీకు చదువు చెప్పే నేనే దాని మీది గడువు తేదీ చదవలేదు. రెండు వారాలు నీళ్లు చిలకరించాను. ఒక్కటీ మొలవలేదు.

ఈసారి తేదీ చూసి కొన్నాను. పాత డబ్బాకి అడుగున చిల్లులు పెట్టాను. మన్ను, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపాను. విత్తనాలు చల్లి, పైన పలచగా మన్ను కప్పాను. మొలకలు రాగానే ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టాను. నీళ్లు ఎక్కువైతే నారు కుళ్లిపోద్ది, జాగ్రత్త! 4, 5 వారాలకు పెరట్లో నాటుకోవచ్చు.

మందు పట్టించిన విత్తనాలని రాసి ఉంటే పిల్లలకు అందనీయొద్దు. విత్తాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పొట్లం మీది అక్షరాలు, అంకెలు కూడబలుక్కొని చదవండి. ఆ తర్వాతే డబ్బులివ్వండి.