శస్త్రచికిత్సకు ముందు టీకా: వ్యయము, ఫలితము
(సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



శస్త్రచికిత్స జయప్రదముగా ముగిసినను, కోసిన చోట చీము పట్టి రోగి మరల మంచమెక్కుట మనమెరుగుదుము. దీనికి తరచుగా కారణమగునది స్టెఫిలోకాకస్ ఆరియస్ అను సూక్ష్మజీవి. ఇది ఎక్కడినుండియో రానక్కరలేదు. ఆరోగ్యవంతులలో సైతము సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఇది కాపురముండును. మార్చిన మోకాటి కీలును పట్టెనా, మరల కోత, వారముల తరబడి మందులు, అప్పులు.

ముందే టీకా వేసినచో లాభము గదా యని ఆర్థికవేత్తలు లెక్కలు కట్టిరి. నూర్గురిలో ఇద్దరికి వ్యాధి సోకుననియు, టీకా అందులో సగము నివారించుననియు అనుకొందము. నూర్గురికి టీకా వేయగా తప్పించుకొన్నవాడు ఒక్కడు. నూరు టీకాల వెల ఆ యొక్కని చికిత్సా వ్యయమునకు మించనిచో లాభమే. మించినను, ప్రాణమునకు విలువ కట్టి ఆలోచింపవచ్చును.

అయితే ఆ సగము ఎక్కడిది? మెర్క్ కంపెనీవారు గుండె, ఛాతీ శస్త్రచికిత్సలకు పోవు సుమారు 8,000 మందిపై ఒక టీకాను పరీక్షింప మొదలిడి, 2011లో నిలిపివేసిరి. వ్యాధి తగ్గలేదు సరికదా, వ్యాధి సోకినవారిలో టీకా పొందినవారే హెచ్చుగా మరణించిరి. వెన్నెముక శస్త్రచికిత్సలపై ఫైజరువారి పరీక్షయు ప్రయోజనము కానరాక 2018లో ఆగెను. ఇట్టి టీకా ఉచితముగా నిచ్చినను నష్టమే. నేటికిని ఈ సూక్ష్మజీవికి ఆమోదము పొందిన టీకా లేదు. (ప్లీహము తీసివేయు శస్త్రచికిత్స సంగతి వేరు. దానికి న్యూమోకాకస్ మొదలగు క్రిముల టీకాలు కలవు. వీలైనచో రెండు వారములు ముందే వేయింతురు.)

మా దృష్టిలో ఇంతకన్న చవుకైన మార్గము మరియొకటి గలదు. నెదర్లాండ్సులో జరిగి 2010లో ప్రకటితమైన పరిశోధనలో, ముక్కులో ఈ క్రిమి గలవారిని ఆస్పత్రిలో చేరునప్పుడే గుర్తించి, ఐదు దినములు ముక్కునకు ముపిరోసిన్ లేపనమును, స్నానమునకు క్లోర్‌హెక్సిడిన్ సబ్బును ఇచ్చిరి. వారిలో అత్యధికులు శస్త్రచికిత్స రోగులే. వ్యాధి సోకినవారు నూటికి 3.4, మందు లేని లేపనము, సబ్బు వాడినవారిలో 7.7. ఒక లేపనపు గొట్టము, ఒక సబ్బునీటి సీసా!

కనుక మీ యింట కీలు మార్పిడికో, గుండె శస్త్రచికిత్సకో తేదీ నిశ్చయమైనచో, ముక్కు పరీక్ష చేయుదురా యని వైద్యుని అడుగుడు. కోతకు ముందు గంటలోపల యాంటీబయాటిక్ సూది ఇత్తురా యనియు అడుగుడు. మధుమేహమున్నవారు చక్కెరను అప్పటికే అదుపులోనికి తెచ్చుకొనవలయును. అడిగినందులకు వైద్యులు కోపింపరు.