కండ నలిగితే నెత్తురు చెబుతుంది
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతుల్ని, డాక్టర్ని కాను. అయినా ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే, పోలీసు, మిలిటరీ సెలక్షన్ల కోసం మన కుర్రాళ్ళు తెల్లవారకముందే 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తున్నారు. కాళ్ళు పట్టేస్తే ఒక నొప్పి బిళ్ళ మింగి మర్నాడు మళ్ళీ పరుగు.

కండబలానికి మన ప్రాంతం పెట్టింది పేరు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారి సంగతి పెద్దలకు చెప్పనక్కరలేదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు పద్ధతుల్లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. అంతంత శ్రమ చేసేవారి కండల్లో ఏం జరుగుతుందో చూద్దాం.

కండరాన్ని మేము ఉర్దూ పాఠంలో అజ్‌లా అని చెబుతాం, ఇంట్లో పట్ఠా అంటాం. అది సన్నని పోగుల కట్ట. శ్రమ మితిమీరితే పోగు పైపొర చిట్లి, లోపలి సరుకు నెత్తురులోకి కారుతుంది. అందులో ముఖ్యమైనది క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము. లాబొరేటరీ చీటీ మీద సి.పి.కె. అని ఉంటుంది. మామూలు మనిషికి లీటరుకు సుమారు 200 యూనిట్ల లోపు. మారథాన్ పరుగెత్తినవారికి వేలల్లోకి పోవచ్చు. అది వెంటనే శిఖరానికి చేరదు, ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. సాలిహుండం కొండకు విహారయాత్ర తీసుకెళితే పిల్లలకు తొడల నొప్పి మర్నాడు, ఆ మర్నాడు గదా తెలిసేది! అదీ ఎక్కినందుకు కంటే దిగినందుకే ఎక్కువ. సాగుతూ బరువు మోసే కండే ఎక్కువ నలుగుతుంది.

అయితే ఈ అంకెను ఒంటరిగా నమ్మరాదు. రోజూ కసరత్తు చేసేవాడికి అది ఎప్పుడూ కొంత ఎక్కువే. అందుకే విశ్రాంతిగా ఉన్నప్పటి తన అంకెతోనే పోల్చుకోవాలి. ఏ కండ తెగిందో నెత్తురు చెప్పదు, దానికి డాక్టరు చెయ్యి, స్కానింగు కావాలి. ఇంకో తమాషా ఉంది. ఎస్.జి.ఓ.టి. అనే పరీక్షను కాలేయానికని చేస్తారు. కండ నలిగినా అది పెరుగుతుంది. పరుగెత్తి వచ్చినవాణ్ణి పచ్చకామెర్ల రోగి అనుకునే ప్రమాదం!

అసలు భయపడవలసింది మయోగ్లోబిన్ గురించి. కండకు ఎరుపు రంగునిచ్చే ఈ పదార్థం కొద్ది గంటల్లోనే నెత్తురులోకి వచ్చి మూత్రపిండాల గుండా పోతుంది. ఎక్కువైతే ఆ పిండాలనే దెబ్బతీస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌లో బాంబు దాడుల శిథిలాల కింద నలిగినవారు ప్రాణాలతో బయటపడి కూడా, కొన్ని రోజులకే మూత్రపిండాలు చెడి చనిపోయారు. బైవాటర్స్, బీల్ అనే డాక్టర్లు 1941లో ఆ సంగతి లోకానికి తెలియజేశారు. ఎండలో నీళ్ళు లేకుండా మితిమీరి పరుగెత్తినా ఇదే జరగవచ్చు. గుర్తు ఏమిటంటే మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం. అలా వస్తే రేపు చూద్దాం అనకుండా అప్పుడే ఆసుపత్రికి పోవాలి.

ఉద్దానం మన జిల్లాలోదే. మూత్రపిండాల జబ్బు ఒక ఇంటిని ఏం చేస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పలాసలో 2023లో ఆ జబ్బుకే పెద్దాసుపత్రి కట్టవలసి వచ్చింది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు నొప్పి బిళ్ళలు ఆ పిండాలకు మరింత చేటు. తల్లులు దయచేసి ఆ బిళ్ళల సంగతి పిల్లల్ని అడగండి.

పరీక్షకు వెళితే ఏ రోజు, ఎంతసేపు పరుగెత్తారో డాక్టరుకు చెప్పండి. కండకు ఇంజెక్షన్ వేయించుకున్నా చెప్పాలి, దానివల్ల కూడా సి.పి.కె. కొంత పెరుగుతుంది.