పసిపిల్లలతో దీవికిఁ బోవునపుడు



మా లాల్‌దర్వాజానుండి ఏ దిక్కునకు బయలుదేఱినను, ఒక పూఁట ప్రయాణము చేసినఁగాని సముద్రము కంటఁబడదు. మా పేట పిల్లలకు నీరన్న మూసీనది, మీర్ ఆలం చెఱువు, హుస్సేన్‌సాగరము. అట్టిచోటఁ బుట్టిన పసివాండ్రను నేఁడు తల్లిదండ్రులు సెలవులలో అండమాను దీవులకుఁ గొనిపోవుచున్నారు. శంషాబాదులో విమానమెక్కినవారు రెండున్నర గంటల ప్రాంతమున దీవిలో దిగుదురు. పట్టణములలో ఉద్యోగములు చేయు మీ కుమారులును, కోడండ్రును మీ మనుమలను వెంటఁబెట్టుకొని యిట్లు పోవుటను మీరును జూచుచునే యుందురు. వలదనుటయా, పొమ్మనుటయా, పొమ్మన్నచో ఏమి చెప్పి పంపుట యనునది పెద్దలమైన మనకు సంబంధించిన విషయము. దానినిగూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

అండమాను అన్నంతనే వృద్ధుల గుండె జల్లుమనుట సహజము. కాలాపాని యని మన పెద్దలు దానికిఁ బెట్టిన పేరు. 1858 లో ఆంగ్లేయులు అచట ఖైదీల నివాసము నెలకొల్పిరి. 1906 నాఁటికి సెల్యులార్ కారాగారము పూర్తియయ్యెను. 1922-24 నాఁటి మన్యపు తిరుగుబాటులోఁ బట్టువడినవారిలోఁ గొందఱును ఆ నీరు దాఁటినవారే. పోయినవాఁడు మరల రాఁడని తల్లులు ఏడ్చిన దీవిలో నేఁడు మన మనుమలు ఇసుకతో గుజ్జనగూళ్ళు కట్టుకొనుచున్నారు. ఈ మార్పు నాకు సంతోషమే కలిగించుచున్నది. పేర్లును మాఱినవి. హేవ్‌లాక్ దీవి 2018 లో స్వరాజ్ ద్వీపమయ్యెను. పోర్ట్ బ్లెయిర్ పట్టణము 2024 లో శ్రీ విజయపురమయ్యెను. భాషకుఁ గొఱఁత లేదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పోయి స్థిరపడిన జాలరి కుటుంబములు అచట ననేకములు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులవారిలో నూటికిఁ బదుమువ్వురు తెలుఁగు మాతృభాషగాఁ గలవారు.

నా కుమారుఁడు తన యిద్దఱు పిల్లలను అచటికిఁ గొనిపోయెను. మనుమరాలికి ఏడేండ్లు, మనుమనికి నాలుగు. వారు తిరిగి వచ్చి చెప్పిన ముచ్చటలనుబట్టి చూడ, పెద్దలు మెచ్చు వస్తువులు వేఱు, పిల్లలు మెచ్చునవి వేఱు. రాధానగరతీరమున సూర్యాస్తమయము కన్నులపండువని పెద్దలందురు. నాలుగేండ్లవాఁడు దానివంక వీపు త్రిప్పి, గవ్వను ఇల్లుగా మోసికొని పోవు చిన్న యెండ్రకాయ వెనుక నడచుచుండెనఁట! మొదటిదినమున అల పాదమునకుఁ దగిలినంతనే తల్లి చంక దిగఁడయ్యెను. మూఁడవ దినమున నీరు విడిచి రానని మారాము చేసెను. పసివారికి మోఁకాలి లోఁతు నీరును, మధ్యాహ్నపు నిద్రయును, ఇంత పెరుగన్నమును ఉన్నఁ జాలును. దినమునకొక దీవి చొప్పున వారిని త్రిప్పుట తల్లిదండ్రుల యుబలాటమే. మఱియొక మాట. పగడపు దిబ్బలు రాళ్ళు కావు, ప్రాణులు కట్టిన యిండ్లు. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానికిఁ గాపుదలగా నున్నది. ఎండి యొడ్డునఁ బడిన తునుకనైనను సంచిలో వేసికొని రారాదని పిల్లలకు ముందుగనే చెప్పవలయును.

ఇఁక ముఖ్యవిషయము. తెలుఁగులో సముద్రపుటొడ్డునకుఁ జెలియలికట్ట యని చక్కని పేరు కలదు. సముద్రుఁడు ఆ కట్టను దాఁటఁడని మన కవుల విశ్వాసము. పర్వదినములందుఁ దప్ప సముద్రమును ముట్టరాదనియు మన పెద్దల నియమము. అమావాస్యకు, పూర్ణిమకు పోటు హెచ్చు. ఆ దినములందే జనులు గుంపులుగూడి, నలుగురి యండతో నీట దిగుట యాచారమైనది. దినమునకు రెండుమాఱులు నీరు పొంగి, రెండుమాఱులు తీయును. ఒక్కొక్కటి సుమారాఱు గంటల పని. ఆటు వచ్చినపుడు స్వరాజ్ ద్వీపమువంటి చోట్ల నీరు చాల దూరము తొలఁగి, అడుగు బయటఁబడును. ఇది మెల్లగా జరుగును, భయపడవలసినది లేదు. నిమిషములలో నీరు తీసిపోయినచో అది ఆటు కాదు. ఈ భేదము పిల్లవానికిఁ దెలిసియుండవలెను.

2004 డిసెంబరు 26 ఉదయము 6 గంటల 28 నిమిషములకు సుమత్రాకు పడమట సముద్రగర్భమున 9.1 ప్రమాణముగల భూకంపము పుట్టెను. నికోబారు దీవులను కొలఁది నిమిషములలోనే అలలు ముంచెను. దక్షిణపుఁ గొనయైన ఇందిరా పాయింటు నేల నాలుగు మీటర్లకు మించి క్రుంగినది. మన యాంధ్రతీరమునకు అల చేరుటకు రెండు గంటలకుఁ బైగా పట్టెను. ఆ రెండు గంటలును వ్యర్థమైనవి. హిందూమహాసముద్రమున హెచ్చరించు నేర్పాటు అప్పటికి లేదు. ఆ దినము మార్గశిర పూర్ణిమ. మచిలీపట్టణము చెంత మంగినపూడి తీరమున స్నానములకు వచ్చినవారు అలపాలైరి. మన తీరమంతటను నూఱుమందికిఁ బైగా మరణించిరి. పలు దేశములలోఁ గలిపి రెండు లక్షలకు మించి.

ఆ యుదయముననే, తాయ్‌లాండులోని ఫుకెట్ దీవిలో మాయ్ ఖావో తీరమున ఒక ఆంగ్లకుటుంబము సెలవులు గడపుచుండెను. తల్లి, తండ్రి, ఇద్దఱు ఆఁడుబిడ్డలు. పెద్దపిల్ల టిల్లీ స్మిత్‌కుఁ బదియేండ్లు. నీరు నురుగులు గ్రక్కుచు, వెనుకకుఁ దీయక మీఁదికే వచ్చుట ఆమె కంటఁబడెను. రెండువారములకుఁ బూర్వము పాఠశాలలో భూగోళోపాధ్యాయుఁడు సునామినిగూర్చి చెప్పి, 1946 లో హవాయి దీవులను ముంచిన అల చిత్రమును జూపియుండెను. పిల్ల కేకలు పెట్టెను. తల్లి మొదట నమ్మలేదు. తండ్రి నమ్మి కావలివానికిఁ జెప్పెను. తీరము ఖాళీయయ్యెను, సుమారు నూఱుమంది బ్రదికిరి. ముప్పదియేండ్లు బల్లముందు నిలిచి భూగోళము చెప్పినవాఁడను గాన, ఈ కథ చెప్పునపుడు నాకుఁ గొంత గర్వము గలుగుట శ్రోతలు మన్నింతురుగాక.

అంతకంటెను నన్నాకర్షించినది సిమెలూ అను చిన్నదీవి కథ. అది సుమత్రా చెంత, ఆ భూకంపకేంద్రమునకు మిక్కిలి దగ్గఱగా నున్నది. అచట 1907 లో నొక గొప్ప అల వచ్చి యూళ్ళను ముంచెను. బ్రదికినవారు దానికి స్మోంగ్ అని పేరిడి, కథలుగాను, జోలపాటలుగాను పిల్లలకుఁ జెప్పుచు వచ్చిరి. నేల గట్టిగాఁ గంపించి, సముద్రము తీసిపోయినచో కొండకుఁ బరుగెత్తవలెనన్నదే ఆ కథలోని సారము. అవ్వలు, తాతలు దాదాపు నూఱేండ్లు దానిని విడువలేదు. 2004 లో ఆ దీవి జనులు సుమారు డెబ్బదియెనిమిది వేలు; మరణించినవారు ఏడుగురు. యంత్రము లేదు, తంతి లేదు.

మాకును అట్టి కథ యొకటి కలదు. 1908 సెప్టెంబరు 28 న మూసీ పొంగి వేలమందిని బలిగొన్నది. ఉస్మానియా ఆసుపత్రి యావరణములోని చింతచెట్టెక్కి సుమారు నూటయేఁబదిమంది బ్రదికిరి. మహబూబ్ అలీ పాషా మా సింహవాహినీ మహంకాళి యాలయమునకు వచ్చి పూజ చేయించెనని మా పేటలోఁ జెప్పుకొందురు. నా మనుమరాలు ప్రయాణమగుటకు ముందటి రాత్రి నేనాకథయు, సిమెలూ కథయుఁ గలిపి చెప్పితిని. “మూసీ కూడ ముందు వెనుకకుఁ బోయెనా తాతయ్యా?” అని యడిగినది. లేదమ్మా, అది వానవలన వచ్చినదని చెప్పి, సముద్రము సైతము ఎల్లప్పుడు వెనుకకుఁ బోయియే రాదని వివరించితిని. 2004 లో తూర్పుననున్న తాయ్‌లాండు తీరమునఁ బెక్కుచోట్ల నీరు ముందు తీసెను. మన తీరమునఁ దిన్నగా పొంగియే వచ్చెను. కావున నీరు తీయుటకై యెదురుచూడరాదు. నిలువలేనంతగా నేల కంపించిన, అది చాలును.

నేఁడు హెచ్చరిక కలదు. సముద్రమే లేని మా హైదరాబాదులో, ప్రగతినగరునందలి జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రమున 2007 నుండి సునామి హెచ్చరిక విభాగము రాత్రింబవళ్ళు పనిచేయుచున్నది. అయినను అండమాను దీవులు భూకంపరేఖపైననే యున్నవి. అచట అలకును నేల కంపించుటకును నడుమ వ్యవధి మిక్కిలి తక్కువ కావచ్చును.

ఇట్టి అలలు అరుదు. ప్రతిదినమును నుండు ప్రమాదము వేఱొకటి. అలలు విఱుగక నీరు నెమ్మదిగాఁ గనఁబడు సందుచూచి, అచటఁ బిల్లలను దింపుట పలువురకలవాటు. పెక్కుమాఱులు ఒడ్డుకు వచ్చిన నీరంతయు లోపలికి మరలు త్రోవ అదియే. అందుఁ జిక్కినవాఁడు ఎదురీఁదక, ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈఁది బయటఁబడవలెను. పసివాఁడు ఈఁదలేఁడు గనుక పెద్దవాని చేయి వానికి అందునంత దూరముననే యుండవలెను. మొసళ్ళున్నవని హెచ్చరిక పలక గట్టిన చోట నెవ్వరును దిగనేరాదు.

కాఁబట్టి పిల్లలను బంపుఁడు. పంపునపుడు వారికి సిమెలూ కథ చెప్పుఁడు. తల్లిదండ్రులకు మాత్ర మీపని యప్పగింపుఁడు: బసకుఁ జేరినంతనే, మూటలు విప్పకమునుపే, పిల్లల చేయి పట్టుకొని తీరమునుండి మెట్టప్రదేశమునకుఁ బోవు త్రోవ నొకమాఱు నడచి రావలెను. ఒక అల వచ్చి పోయినదని వెంటనే దిగరాదనియు, తరువాతి యల మఱింత పెద్దది కావచ్చుననియుఁ ద్రోవలోఁ జెప్పవలెను. మా పిల్ల ఆ త్రోవకు నూటయిరువది యడుగులని లెక్కపెట్టి వచ్చినది.